ఎనిమిది నిమిషాల గొంతు

కొత్త రేవు, సంవత్సరం 31. ఇంటి కంప్యూటర్ల సంఘం, మరమ్మతుల పుస్తకం

మే 26, ఆదివారం

సమావేశానికి పదకొండు మంది వచ్చారు. గాలిమరల కరెంటు పది గంటలకు వచ్చి ఒంటి గంటకు పోయింది. ఆ మూడు గంటలను ఒక్కొక్క యంత్రానికి ఇరవై నిమిషాల చొప్పున పంచాము. సంఘానికి ఉన్న ఒక్క సోల్డరింగ్ ఇనుమూ చేతులు మారుతూ తిరిగింది, చివరికి నా బల్ల మీదికి చేరింది. సంఘం క్యాసెట్ల గ్రంథాలయం నుంచి వెళ్లిన తొమ్మిది క్యాసెట్లలో ఏడు తిరిగి వచ్చాయి.

క్యాసెట్ డబ్బాల అడుగున వేయించిన బియ్యం మార్చాను. సముద్రం పాత రేవును మింగిన తరువాత మిగిలిన కట్టడాలలో మా సంఘం నడిచే ఈ పాత ఐస్ ఫ్యాక్టరీ ఒకటి. గోడలు రెండడుగుల మందం కనుక ఎండ లోపలికి రాదు గాని, ఉప్పుగాలి వస్తుంది. బియ్యం ఆ చెమ్మను పీల్చుకుంటుంది.

"ఇంత బియ్యం పారబోసే బదులు బెల్లం కలిపితే సభ్యులకి ఫలహారం అయ్యేది కదా గురువుగారూ," అన్నారు మా అధ్యక్షులు మస్తాన్ వలీ. ఒకప్పుడు ఇదే ఫ్యాక్టరీలో మెకానిక్కు.

"రెండు నెలలు ఉప్పు తాగిన బియ్యమండీ అది."

"మా బావమరిది హోటల్లో ఇంతకంటే ఉప్పే తింటున్నాను లెండి."

మధ్యాహ్నం నూకరత్నం గారు వచ్చారు. ఆమె రేవులో చేపల వేలం పాడే మనిషి. పదకొండేళ్ల క్రితం జబ్బు చేసి ఆమె గొంతు తీసివేశారు. ఆపరేషనుకు నెల ముందు, మా సభ్యుడైన ఆమె తమ్ముడు దాలినాయుడు ఆమె చేత మాట్లాడించి, ఆ మాటలను 412 ముక్కలుగా ఒక క్యాసెట్టులో భద్రపరిచాడు. ఇంటి కంప్యూటరు ఒకటి చక్రాల ఐస్ పెట్టెలో కూర్చుంటుంది, మీటల పలక ఆమె నడుముకు వేలాడుతుంది; మీటలు నొక్కితే ఆ ముక్కలు కలిసి మాటలవుతాయి. కరెంటు తీయగానే యంత్రం అన్నీ మరిచిపోతుంది కాబట్టి రోజూ తెల్లవారగానే క్యాసెట్టును మళ్లీ ఎక్కించాలి. అందుకు ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలూ యంత్రం కీచుమంటూనే ఉంటుంది. రేవు వీధిలో చాలామందికి మెలకువ వచ్చేది ఆ కీచుకే.

గొంతు దొంగతనాల కాలం తరువాత వచ్చిన చట్టం ప్రకారం ఎవరి గొంతునూ లోకంలోని యంత్రాలన్నిటినీ కలిపే మహావలయంలో ఉంచకూడదు, మహావలయానికి అతుక్కున్న ఏ యంత్రంలోనూ ఉంచకూడదు. దేనికీ అతుక్కోని యంత్రాలు ఈ ఊళ్లో మా దగ్గరే ఉన్నాయి.

"బావూ," అంది ఐస్ పెట్టె, ఆమె గొంతుతో. "నా టేపురికార్డరు నీరసపడిపోనాది. నిన్న నాలుగుసార్లు ఎక్కిత్తే గానీ నోరు పెగల్లేదు. పెట్టి ముందల నిలబడి నన్ను నానే తిట్టుకుందామన్నా మాట నేదు."

మోటారు బెల్టు సాగిపోయింది. కొత్తది వేశాను. టేపును చదివే హెడ్డును స్పిరిట్టుతో తుడిచాను, దానిలో పేరుకున్న అయస్కాంతత్వాన్ని పోగొట్టాను. మా పద్ధతి ప్రకారం, బల్ల దాటే ముందు ప్రతి రికార్డరు హెడ్డునూ సంఘం ప్రమాణ టేపుతో సరిచూసి నిటారుగా నిలపాలి. ఇది కొంత వాలి ఉంది. సరిచేసి, దాన్ని బిగించే మర కదలకుండా ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను.

ఫలితం: సంఘంలోని అన్ని రికార్డర్లలోకీ ఇదే ఇప్పుడు ఉత్తమం.

మే 27, సోమవారం

ఉదయం ఏడింటికి తలుపు దగ్గర గంట మోగింది. నూకరత్నం గారు. చేతిలో రాతపలక, మెడలో చేపలవాళ్లు పిలుపుకు వాడే ఇత్తడి గంట.

పలక మీద: *సున్నా.*

యంత్రం ముందు కూర్చుని చూశాను. దాలినాయుడు ఓపికగా రాసిన ప్రోగ్రాము అది. చదవలేని ముక్కను వదిలి తరువాతి దానికి వెళుతుంది, చివరికి ఎన్ని దొరికాయో తెర మీద చెబుతుంది. తెర మీద "412లో 0" అని ఉంది. ఆమె ఇంటి దగ్గర తొమ్మిదిసార్లు ప్రయత్నించిందట. మధ్యలో ఆపి, వెనక్కు తిప్పి, మళ్లీ నడిపిందట. హెడ్డు మీద దూది రాస్తే గోధుమరంగు పొడి వచ్చింది. అది టేపు మీది పూత. గొంతు ఉన్నది ఆ పూతలోనే.

రికార్డరును మూడుసార్లు కొలిచాను. వేగం సరిగా ఉంది. హెడ్డు సరిగా ఉంది. ఏ లోపమూ లేదు. ఒక్కసారి నడిపి, ఆ శబ్దాన్ని వేరే టేపు మీదికి ఎత్తి చూశాను. ఎత్తిన ప్రతి కూడా సున్నాయే. శబ్దం దుప్పటి కప్పినట్టు మందంగా ఉంది.

ఆమె పలక తుడిచి రాసింది: *టేపు సచ్చిపోనాదేటి?*

తెలియకుండా అవునని గాని కాదని గాని అనలేను. "ఇంకా చూడాలి నూకరత్నం గారూ," అన్నాను. ఇకపై నేను చెప్పేవరకు నడపవద్దని కోరి క్యాసెట్టును బియ్యం డబ్బాలో పెట్టాను.

జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది. 15న పడవలు తిరిగి వస్తాయి. ఆ మొదటి రోజు ఎవరు పాడితే ఆ ఏడాదంతా వేలం వారిదే. ఇది రేవు కట్టుబాటు. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

మే 29, బుధవారం

సంఘంలో తయారైన ప్రతి క్యాసెట్టుకూ ఒక ప్రతి గ్రంథాలయంలో ఉండాలి. దాలినాయుడు ఇచ్చిన ప్రతి కోసం జాబితా తీశాను.

పదేళ్ల క్రితం నా చేతిరాతలో ఉంది: "అక్క గొంతు, దాలినాయుడు. పరీక్షలో చదవబడలేదు. లోపభూయిష్టం. తిరిగి వాడకానికి." లోపమున్న టేపులను చెరిపి వాడుకోవడం మా నియమం. ఎందుకంటే కొత్త టేపు తయారుచేసేవాళ్లు ఎక్కడా లేరు. ఆ క్యాసెట్టును వెతికి వినిపించుకున్నాను. అందులో ఇప్పుడు సంఘం వార్తాలేఖ ఉంది. సోల్డరింగ్ ఇనుమును సమయానికి తిరిగి ఇవ్వాలని సభ్యులకు నేను చదివిన విజ్ఞప్తి.

ఆనాడు సంగతి దాలినాయుడికి చెప్పినట్టు గుర్తు. అతడు నవ్వి, "మీ కాడ సదవదేటి? మా ఇంట్లో శుబ్బరంగా సదూతాది బావూ," అన్నాడు. అందరూ అనే మాటే కదా అనుకున్నాను. అతడు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అడగడానికి లేడు.

జూన్ 2, ఆదివారం

సభ్యులందరూ తమ రికార్డర్లు మోసుకొచ్చారు. మస్తాన్ వలీ గారు భుజాన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని మెట్లెక్కారు.

టేపు మొదట పది సెకన్ల పాటు ఒకే ఈల ఉంటుంది. యంత్రం మేలుకోవడానికి పెట్టిన ఈల. గొంతు ముక్కల జోలికి పోకుండా ఆ పది సెకన్లను మాత్రమే ఏడు రికార్డర్లలో నడిపాను. ఏడింటిలోనూ అదే మందమైన ఈల, మీటరు ముల్లు కూడా అదే గీత దగ్గర.

"ఏడుగురు సాక్షులూ ఒకే మాట చెప్పారు," అన్నారు మస్తాన్ వలీ. "ఇక టేపుదే నేరం అనుకోవాలి. ఏమండీ?"

ఏడూ ఒకేలా పలకడం నాకు కొంత ఇబ్బందిగా తోచింది. ఏడింటినీ ఒకే ప్రమాణ టేపుతో ఒకేలా నిలిపినవాణ్ని నేనే. ఒకే మనిషిని ఏడుసార్లు అడిగినట్టయింది.

నూకరత్నం గారు మూల కూర్చుని, అందరికీ తాను తెచ్చిన నెత్తళ్లు అనే చిన్న ఎండు చేపల వేపుడు ఆకుల్లో పెట్టి పంచారు. మాట లేని మనిషి చేతులు ఊరకే ఉండవు.

జూన్ 5, బుధవారం

ప్రభుత్వ స్వర శాఖ నుంచి ప్రశాంతి అనే అధికారి వచ్చారు. నేనే కబురు పెట్టాను. నా పని ఫలించకపోతే నూకరత్నం గారు పలకతో మిగలకూడదు. రేవు పెద్ద ఎల్లాజీ గారు కూడా వచ్చి కూర్చున్నారు.

శాఖ ఇచ్చేది మెడకు అంటించుకునే చిన్న బిళ్ల. పెదవులు కదిపితే మెడలో కలిగే కదలికను చదివి మాట్లాడుతుంది. ఆడవారికి ఆరు గొంతులున్నాయి. ప్రశాంతి గారు నాలుగోది ఎంచి, మెత్తగా అంటించి, "ఏదైనా మాట్లాడండమ్మా," అన్నారు.

నూకరత్నం గారి పెదవులు కదిలాయి. బిళ్ల పలికింది: "గౌరవనీయులైన కొనుగోలుదారులారా, దయచేసి త్వరగా నిర్ణయం తీసుకోగలరు."

ఎల్లాజీ గారికి పొలమారింది. "ఓలమ్మ. నువ్వన్నదేటే, అది పలికిందేటి?"

ఆమె పలక మీద రాసి ఆయనకు చూపించింది. నేను చూడకూడదనుకున్నాను గాని కనబడింది. అచ్చులో పెట్టదగినది కాదు.

"తిట్లను శాఖ అనుమతించదండీ," అన్నారు ప్రశాంతి గారు, నిజంగా నొచ్చుకుంటూ. "యాసను కూడా సరిచేస్తుంది. అది నా చేతిలో లేదు."

"మంచిదే తల్లీ, తప్పనను," అన్నారు ఎల్లాజీ గారు. "కానీ ఈ గొంతుతో పాడితే రేవులో ఎవుడూ వేలమనుకోడు. ఆఫీసు నుంచి నోటీసొచ్చిందనుకుంటాడు." ఆ తరువాత గొంతు తగ్గించి ఆమెతో అన్నారు: "రత్నం, పదిహేనో తారీకు దాకా నీ సోటు ఎవులికీ ఇయ్యను. ఆ పొద్దు దాటితే మరి నా సేతిలో నేదు. తెరమీద వేలం పెట్టుకోమని సర్కారోళ్లు ఎప్పుడూ అంతన్నారు."

ఆమె బిళ్లను తీసి, మడత పడకుండా జాగ్రత్తగా పెట్టెలో ఉంచి, ప్రశాంతి గారి చేతికిచ్చింది. పలక మీద రాసింది: *మంచి గొంతే. ఎవుర్తిదో మరి.*

జూన్ 7, శుక్రవారం

నా పద్ధతులలో ఒకటి, ముట్టుకునే ముందు ఉన్న స్థితిని రాయడం. మే 26న నేను రాసినదాన్ని ఈ ఉదయం మళ్లీ చదివాను. అది ఈ పుస్తకంలో కాదు, పనిబల్ల చీటీలో ఉంది: "హెడ్డు మర సుమారు పావు చుట్టు తిరిగి ఉంది. ముద్ర లేదు. సరిచేయబడింది."

రికార్డరును తెచ్చి ఆ చీటీ పక్కన పెట్టాను.

దాలినాయుడి రికార్డరు హెడ్డు మొదటినుంచీ వాలి ఉంది. ఆ వాలుతోనే అక్క గొంతును రాశాడు. ఆ వాలుతోనే ఆమె పదకొండేళ్లు చదివించుకుంది. వాలుగా రాసినదాన్ని వాలుగానే చదవాలి. ఆ ఇంట్లో రెండూ సరిపోయేవి, ఇక్కడ దేనితోనూ సరిపోలేదు. పదేళ్ల క్రితం నేను లోపమన్నది లోపం కాదు. మే 26న నేను చేసిన మరమ్మతు మరమ్మతు కాదు. ఆ క్యాసెట్టును చదవగల రికార్డరు లోకంలో ఒక్కటే ఉండేది. దాన్ని నేను ఉత్తమంగా తీర్చిదిద్దాను.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లి చెప్పాను. వలల కుప్ప పక్కన కూర్చుని విన్నది.

"తప్పు నాదేనండీ. పాత స్థితిని పూర్తిగా రాసిపెట్టినా బాగుండేది. ఎటువైపు తిరిగి ఉందో రాయలేదు. సుమారు అని రాశాను. ఆ మాట నేను ఎప్పుడూ రాయను."

ఆమె పలక తీసుకుంది: *బెల్టు మట్టుకు బాగేసినావు.*

ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందని కొంచెం ఆలస్యంగా అర్థమైంది. నవ్వుకు కూడా శబ్దం ఆ క్యాసెట్టులోనే ఉంది.

పలక తుడిచి మళ్లీ రాసింది: *తమ్ముడు సేపలకత్తి మొనతో ఆ మర తిప్పీవోడు. ఈల సన్నంగా వచ్చీదాకా. నాను సూసినాను.*

జూన్ 9, ఆదివారం

గోళ్లరంగు చుక్కను గీకివేశాను. టేపు పరిస్థితిని బట్టి మూడుసార్లకు మించి నడపకూడదని నిర్ణయించి సభ్యులకు చెప్పాను. పక్కన రెండో రికార్డరును సిద్ధంగా పెట్టాను. ఈసారి సరిగ్గా చదివితే ఆ శబ్దాన్ని అప్పటికప్పుడే చెరిపి ఉంచిన వేరే టేపు మీదికి ఎత్తాలి.

మొదటిసారి. ఈల నడుస్తుండగా మరను మెల్లగా తిప్పుతూ మీటరు చూశాను. ముల్లు రెండుచోట్ల పైకి లేచింది. వాలు తప్పిన హెడ్డు ఒంటి ఈలతో ఇలా మోసం చేస్తుందని నాకు తెలుసు. అసలు శిఖరం పక్కన దొంగ శిఖరం ఒకటి పుడుతుంది. చెడని టేపులో అసలుది స్పష్టంగా ఎత్తుగా ఉంటుంది. పూత రాలిన టేపులో రెండూ దాదాపు సమానం. వెంట్రుకవాసి ఎత్తుగా కనబడినదాన్ని ఎంచాను. ఎనిమిది నిమిషాలు గడిచాయి. తెర: 412లో 31.

హెడ్డు తుడిచాను. దూది మునుపటికంటే ముదురుగా వచ్చింది.

"రెండోదాన్ని పట్టండి, అంతే కదా," అన్నారు మస్తాన్ వలీ.

"అంత తేలిక కాదండీ. ఈల పది సెకన్లే. ఇప్పుడది ఇంకా మాసింది. ముల్లును నమ్మి మరోసారి తప్పితే..." నా వయసు డెబ్బై ఒకటి. ఆ ఈలలో పై అంచు నా చెవికి పదేళ్లుగా వినబడడం లేదు. మీటరు చెప్పలేనిది నేనూ చెప్పలేను. ఈ సంగతి సభ్యులకు చెప్పడం అదే మొదటిసారి.

నా చేతిమీద ఎవరో తట్టారు. నూకరత్నం గారు. నా చేతిలోని స్క్రూడ్రైవరును తీసుకోలేదు. తన సంచిలోంచి చేపల కత్తి తీసింది.

పదకొండేళ్లు, నాలుగు వేల ఉదయాలు ఆ కీచును విన్న మనిషి ఆమె. నేను కుర్చీ జరిపాను.

రెండోసారి. ఈల మొదలైంది. ఆమె కళ్లు మూసుకుని కత్తి మొనను మరలో ఉంచి తిప్పింది. మీటరు మొదటి శిఖరం దాటింది, పడింది, మళ్లీ లేచింది. నేను ఆపమనేవాణ్ని. ఆమె ఇంకా కొంచెం తిప్పింది. ముల్లు కొంత దిగింది కూడా. అక్కడ ఆపి కత్తి తీసివేసింది. ఆ వెంటనే ఈల ముగిసి ముక్కలు మొదలయ్యాయి.

ఎనిమిది నిమిషాలు. నేను తెర వైపు కాక దూది వైపు చూస్తూ కూర్చున్నాను. మస్తాన్ వలీ గారు నా భుజం పట్టి తిప్పారు.

412లో 411.

ఆమె మీటల పలకను ఒడిలోకి తీసుకుంది. మొదట ఏమంటుందోనని అందరం ఎదురుచూశాము.

"మస్తాను బావూ," అంది ఐస్ పెట్టె, "నెత్తళ్లు నలుగురికని తెత్తే ఒక్కడివే సగం తినీసినావు. వారం నుంచీ కడుపులో పెట్టుకున్నాను."

మా అధ్యక్షులు ముఖం తుడుచుకుంటూ ఒప్పుకున్నారు.

దొరకని ముక్క 212వది. మే 27న ఆమె పదేపదే ఆపి తిప్పినప్పుడు టేపు అక్కడ మడతపడింది. మడతలో పూత మొత్తం రాలిపోయింది. అది మూడోసారికి గాని ముప్ఫయ్యోసారికి గాని రాదు. దాలినాయుడి పట్టిక ప్రకారం 212 ఒక పూర్తి మాట, ఒక చేప పేరు: "కానాగంతలు".

జూన్ 15, శనివారం

ఉదయం ఐదున్నరకు రేవుకు వెళ్లాను. ఐస్ పెట్టె కీచుమంటూ ఉంది. ఈసారి ఎక్కించినది, ఆదివారం ఎత్తిన శబ్దాన్ని ఆమె రికార్డరులోనే, అదే వాలుతో మళ్లీ రాసిన టేపు. పాతది బియ్యం డబ్బాలో ఉంది.

రెండు నెలల తరువాత పడవలు వచ్చిన రోజు. తట్టలు దిగాయి. ఎల్లాజీ గారు ఆమెకు చోటు చూపించి పక్కకు తప్పుకున్నారు.

"ఏటలగ సూత్తన్నారు? సేపలు నాను పట్నేదు, పాడతాను అంతే. ముందుకి రండి. నువ్వు కాదు రాజులూ, నువ్వు పోయినేడు కొన్నదే ఇంకా తిన్నేదు." జనం నవ్వారు. పండుగప్పలు పోయాయి, చందువలు పోయాయి, కోనాలు పోయాయి. ఆమె పాట వేగం అందుకుంది.

తరువాతి తట్ట కానాగంతలు. ఆమె రెండు చేపలను తోకలు పట్టి ఎత్తి మీట నొక్కింది. ఐస్ పెట్టె నుంచి చిన్న బుస తప్ప ఏమీ రాలేదు.

ఆమె చేపలను ఇంకా పైకెత్తి పట్టుకుంది.

ముందు వరుసలోంచి ఒక ముసలామె, తన చేతిలోని తట్ట దించకుండానే, "కానాగంతలు," అంది, అందరికీ తెలిసినదే కదా అన్నట్టు. నూకరత్నం గారు అక్కడినుంచే ధర అందుకుని పాడేసింది. రెండో తట్టకు మళ్లీ చేపలెత్తింది, మళ్లీ బుస. ఈసారి పదిమంది అన్నారు. ఐదో తట్ట వచ్చేసరికి రేవంతా ఒక్కసారి అంటోంది, గట్టు మీద నిలబడి చూస్తున్నవాళ్లతో సహా. నేను కూడా అన్నానని మస్తాన్ వలీ గారు చెబుతున్నారు.

జూన్ 16, ఆదివారం

సమావేశానికి పద్నాలుగు మంది. ముగ్గురు కొత్తవారు.

నియమం మార్చాము: ఇకపై ఏ రికార్డరునైనా ప్రమాణ టేపుతో సరిచూసే ముందు, దాని యజమాని టేపును అందులో నడిపి వినాలి. మర ఉన్న స్థితిని ముందే గీతతో గుర్తించాలి. "సుమారు" అని రాయకూడదు.

నూకరత్నం గారి రికార్డరు హెడ్డును ఆమె ఆపిన వాలులోనే ఉంచి గోళ్లరంగు పెట్టాను. పుస్తకంలో "సరిగా ఉంది" అని నమోదు చేశాను.

212వ ముక్క గురించి ఆమెతో మాట్లాడాను. మిగిలిన ముక్కల నుంచి చిన్న చిన్న శబ్దాలు కత్తిరించి అతికితే ఆ మాటను కట్టవచ్చు. రెండు వారాల పని. కొంచెం అతుకు తెలుస్తుంది గాని అది ఆమె గొంతే అవుతుంది. చెడగొట్టినది నేను కనుక చేయవలసినదీ నేనేనని చెప్పాను.

ఆమె మీటల మీద వేళ్లు ఉంచింది.

"ఒద్దు బావూ," అంది. "పదకొండేళ్లుగా నానొక్కర్తినే అరుత్తన్నాను. ఆ ఒక్కటీ ఆళ్లని అననీ."

ముక్కల పట్టికలో 212కు ఎదురుగా "లేదు" అని రాసిన మాటను కొట్టివేశాను. దాని స్థానంలో "రేవులో ఉంది" అని రాశాను.